శాంతా సిన్హా: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే

నమస్కారం. 1950లో మన నెల్లూరులో పుట్టి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన ఆచార్య శాంతా సిన్హా గారు దశాబ్దాలుగా ఒకే మాట మీద నిలబడ్డారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది ఆ మాట.

ఇందులో ఎంత పట్టుదల ఉందో గ్రహించాలంటే ఆనాటి చట్టాన్ని చూడాలి. 1986 నాటి బాలకార్మిక చట్టం ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధించి, మిగిలిన పనులను నియంత్రిస్తే చాలని భావించింది. 1987 జాతీయ బాలకార్మిక విధానం కింద ప్రత్యేకంగా ఎంచుకున్న పరిశ్రమలలో మన మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. పిల్లల చేతికి పలకలు అందించే ఊరే ఆ జాబితాకెక్కడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అయితే పలకల గనిలో పనిచేసే పిల్లవాడు అధికారి కంటికి కనిపిస్తాడు. చెల్లెల్ని చంకనెత్తుకొని ఇంటిపట్టున ఉండే ఆడపిల్ల, మేకల వెంట పోయే పిల్లవాడు, రొయ్యల చెరువు కట్ట మీద తల్లిదండ్రులతో కాపలా ఉండే యానాది బిడ్డ ఏ లెక్కలోకీ రారు. శాంతా సిన్హా గారి నిర్వచనం వీళ్లందరినీ లెక్కలోకి తెచ్చింది.

ఆమె తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట 1981లో ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్, 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఈ పని చేపట్టింది. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి ఒకటో తరగతి పసివాళ్ల మధ్య కూర్చోబెడితే సిగ్గుపడి మర్నాడే పనికి వెళ్లిపోతాడు కనుక, అటువంటి వారిని కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, అక్షరాలతో మొదలుపెట్టి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి సర్కారు బడిలో చేర్పించారు. పనిలో పెట్టుకున్న ఆసాములను శత్రువులుగా చూడక, నచ్చజెప్పి పిల్లలను విడిపించడం వారి పద్ధతి. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైన పని అదే.

2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు.

వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలన్న నియమం 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది. వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించకూడదని కూడా ఆ చట్టమే చెబుతుంది. కనుక ప్రకాశం పడమటి మండలాల నుంచి వలస వెళ్లి వచ్చిన కుటుంబం బిడ్డను వయసు ధ్రువపత్రం లేదని ఏ బడి అయినా వెనక్కి పంపితే, ఆ చట్టం 14వ సెక్షన్ చూపించి చేర్చుకోమని అడగండి.