పిక్కలు పట్టేస్తే కాల్షియం బిళ్లేనా?

శ్రోతలకు నమస్కారం.

రక్త క్యాన్సర్ అని చెవిన పడితే చాలు, ఒకప్పుడు ఇంటిల్లిపాదీ ఏడుపులే. ఇప్పుడు అన్ని రకాలకూ ఆ భయం అక్కర్లేదు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అని ఒక రకం ఉంది, డాక్టర్లు సీఎంఎల్ అంటారు. అది వచ్చినవాళ్లు చాలామంది రోజూ మాత్ర మింగుతూ ఏళ్ల తరబడి సేద్యం చేసుకుంటూ, పిల్లల పెళ్లిళ్లు చేస్తూ మన మధ్యనే తిరుగుతున్నారు. ఆ మాత్ర పేరు ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి పొందింది. మన దేశంలో దాని పేటెంటు తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. పేటెంటు ఇవ్వడం కుదరదని 2013 ఏప్రిల్ 1న కోర్టు తేల్చేసరికి, మన కంపెనీలు తయారుచేసే చౌక రకాలకు అడ్డు లేకుండా పోయింది. నెల్లూరు పొగతోటలో మందుల షాపు పెట్టుకున్న నాలాంటివాడి చేతుల మీదుగా ఆ అట్టలు పోతున్నాయంటే దాని చలవే.

నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. కాబట్టి జబ్బు గురించి ఎక్కువ మాట్లాడను. ఆ మాత్రతో పాటు జనం సొంతంగా కొనుక్కుపోయే మిగతా బిళ్లల గురించి మాట్లాడతాను.

“అన్నా, రేత్రిళ్లు పిక్కలు పట్టేస్తుండాయి, కాల్షియం బిళ్లలు ఒక షీటు ఇయ్యి.” కౌంటరు దగ్గర తరచూ వినే మాట ఇది. ఉదయగిరి వైపు నుంచి వచ్చే ఒక రైతు ఇట్లాగే అడిగితే, ఏమేం వాడుతున్నావో చూపించమన్నాను. చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరును బల్ల మీద కుమ్మరించాడు. ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల అట్ట ఒకటి. ఒంట్లో నీరు లాగేసే మాత్రలు కొన్ని. కడుపులో మంటకు తాగే గులాబీరంగు సిరప్, సగం అయిపోయింది. ఎవరో చుట్టాలు చెప్పారని కొన్న బలం మాత్రలు. మనిషిని చూస్తే కళ్ల కింద సంచుల్లాగా వాపు.

ఆ కవరులోనే కథంతా ఉంది.

ఇమాటినిబ్ వాడేవాళ్లలో చాలామందికి పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బుతుంది. ఒంట్లో నీరు నిలవడం ఈ మందు లక్షణం. ఉప్పు ఎక్కువైతే ఇంకా నిలుస్తుంది. మన దగ్గర ఉప్పు ఎక్కడ తగ్గుతుంది చెప్పండి? పొద్దున ఊరగాయ, మధ్యాహ్నం ఊరగాయ, సముద్రం పక్క ఊళ్లల్లో అయితే ఎండుచేపలు. వాపు చూసి భయపడి, ఎప్పుడో డాక్టరు నాలుగు రోజులకు రాసిచ్చిన నీటి మాత్రను చీటీ లేకుండానే నెలల తరబడి మింగుతారు. ఆ మాత్ర నీటితో పాటు పొటాషియంను, మెగ్నీషియంను కూడా మూత్రంలో పంపేస్తుంది. ఇమాటినిబ్‌తో కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి, వాటితోనూ ఆ రెండూ పోతాయి. రెండూ తగ్గితే కండరాలు పట్టేస్తాయి. పిక్క పట్టగానే కాల్షియం కోసం నా దగ్గరికి వస్తారు. పోయింది ఒకటి, కొనేది ఇంకొకటి.

ఫాస్ఫరస్ సంగతి ఇంతకన్నా చిక్కు. మన ఎముక రోజూ కొంత అరుగుతుంది, కొంత కొత్తగా కట్టుకుంటుంది. ఇమాటినిబ్ లుకేమియా కణాలను అణచడంతో పాటు, ఎముకను అరగదీసే కణాలను కూడా కాస్త మందగింపజేస్తుంది. దాంతో ఎముక నుంచి రక్తంలోకి వచ్చే కాల్షియం తగ్గుతుంది. వెంటనే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోనును పెంచుతాయి. ఆ హార్మోను కాల్షియంను పడిపోకుండా నిలబెడుతుంది గానీ ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి తోసేస్తుంది. అందుకే కొందరి రిపోర్టులో కాల్షియం సరిగ్గా ఉండి, ఫాస్ఫరస్ మాత్రం కిందికి దిగి ఉంటుంది. పెద్దవాళ్లకు అది డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల దాకా ఉండాలి. ఇమాటినిబ్ వాడేవాళ్లలో ఫాస్ఫరస్ ఇలా తగ్గుతుందన్న విషయం 2006లో వైద్య పత్రికలకు ఎక్కింది. ఫాస్ఫరస్ బాగా తగ్గితే కండరాల్లో సత్తువ ఉండదు, ఎముకలు నొప్పులు పుడతాయి.

ఇప్పుడు ఆ రైతు కవరు మళ్లీ చూడండి. కడుపు మంటకు తాగే సిరప్‌లలో చాలావాటిలో అల్యూమినియం ఉంటుంది. అది పేగుల్లో ఫాస్ఫరస్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. అన్నంతో పాటు మింగే కాల్షియం మాత్ర కూడా అదే పని చేస్తుంది. కిడ్నీలు చెడి ఫాస్ఫరస్ పెరిగినవాళ్లకు, దాన్ని తగ్గించడానికి డాక్టర్లు రాసేది ఈ కాల్షియం బిళ్లే! అలాంటిది ఫాస్ఫరస్ తక్కువైన మనిషి దాన్ని సొంతంగా మూడు పూటలా మింగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మందులు అమ్ముకునేవాణ్ణి కొనొద్దంటున్నానని మా ఆవిడ నవ్వుతుంది.

అందుకని ముందు రక్తపరీక్ష. కాల్షియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం, విటమిన్ డి, వాటితో పాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. మామూలుగా చేసే, రక్తకణాలను లెక్కపెట్టే సీబీపీలో ఇవేవీ రావు, డాక్టరును అడిగి విడిగా రాయించుకోవాలి. అన్నట్టు, రక్తంలో ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. పిల్లల లుకేమియాకు మొదట పనికొచ్చిన మందులూ ఆయన బృందం నుంచి వచ్చినవే. ఆ వరసలోని మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ వాడుకలో ఉంది. అది వాడుతున్న పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట: చాలా బలం మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, మెథోట్రెక్సేట్ పనిచేసేది దానికి అడ్డుపడే. డాక్టరును అడక్కుండా బిడ్డకు ఏ బలం మాత్రా వేయకండి.

అన్ని రిపోర్టులూ బాగుండి కూడా పిక్కలు పట్టేవాళ్లు ఉంటారు, మందు తత్వం అది. పడుకునే ముందు కాలు చాపి, పాదాన్ని మునివేళ్లతో మీవైపు లాక్కుని కాసేపు పట్టి ఉంచండి. పట్టేసినప్పుడు వేడినీళ్ల కాపడం పెట్టండి. రోహిణి కార్తె ఎండల్లో పనికి పోయేవాళ్లు నీళ్లు తాగడంలో అశ్రద్ధ చేయకూడదు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది గానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు అడిగి తాగాలి.

తిండి విషయంలో మన జిల్లావాళ్లకు పెద్ద కరువు లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపల్లో ఫాస్ఫరస్, కాల్షియం రెండూ దొరుకుతాయి. ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు అయితే మరీ మంచివి, ఎండబెట్టి ఉప్పు పట్టించినవి కాకుండా పచ్చివి. రాగి సంకటి, నువ్వులు కాల్షియంకు మంచివే. చేపల పులుసు మానమని ఎవరూ అనరు, అందులో ఉప్పు కాస్త చూసుకుంటే చాలు. పంపర పనస మాత్రం ముట్టకండి. గ్రేప్‌ఫ్రూట్ జాతి పండ్లలో ఉండే పదార్థం ఈ మందులు ఒంట్లో అరిగే తీరును మార్చి, రక్తంలో మోతాదును పెంచుతుంది. తిప్పతీగ కషాయాలు కూడా వద్దు, వాటివల్ల లివరు దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే బయటపడ్డాయి.

కనిగిరి, పామూరు వైపు వాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అక్కడి బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు పట్టేస్తాయి. దాంతో ఏ నొప్పి వచ్చినా “మా ఊరి నీళ్లంతే” అని సరిపెట్టుకుంటారు, డాక్టరుకు చెప్పరు. చెప్పాలి. ఏ ఊరి నీళ్లు తాగుతారో కూడా చెప్పాలి. ప్లాంటు నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా తగ్గుతాయన్న మాట నిజమే. అలాగని మళ్లీ బోరు దగ్గరికి పోవద్దు, ఆ లోటు తిండితో పూడ్చుకోవచ్చు.

ఇక మాత్ర వేసుకునే వేళ. ఇమాటినిబ్‌ను కడుపునిండా తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో మింగాలి, అప్పుడు వాంతులు, మంట తగ్గుతాయి. ఇదే జబ్బుకు వాడే నీలోటినిబ్‌కు డాక్టరు మార్చితే పద్ధతి తలకిందులు: మాత్రకు ముందు 2 గంటలు, తర్వాత 1 గంట ఏమీ తినకూడదు. పైగా పొటాషియం, మెగ్నీషియం తగ్గి ఉన్న మనిషి నీలోటినిబ్ వాడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అందుకే ముందు వాటిని సరిచేసి ఈసీజీ తీస్తారు. ఇదే జబ్బుకు ఉన్న మరో మందు డాసాటినిబ్ వాడేవాళ్లు యాసిడిటీ సిరప్‌కూ దానికీ 2 గంటలు ఎడం పెట్టాలి, గ్యాస్ బిళ్లలు అడక్కుండా వేసుకోకూడదు. ఆ మందు మీద ఆయాసం, పొడిదగ్గు వస్తే ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందేమో చూపించుకోవాలి. ఏ మందు మీద ఉన్నా వారానికోసారి బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో బరువు గబగబా పెరిగినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా తర్వాతి అపాయింటుమెంటు దాకా ఆగొద్దు.

పిక్కల నొప్పికి విసిగి మాత్రే మానేసేవాళ్లు ఉన్నారు. వారానికి ఒకటి రెండు ఎగ్గొట్టి, డాక్టరు దగ్గర సరిగ్గానే వాడుతున్నామని చెప్పేవాళ్లూ ఉన్నారు. 2010లో లండన్‌లో చేసిన ఒక అధ్యయనంలో, వేసుకోవాల్సిన మాత్రల్లో నూటికి 90 కూడా వేసుకోనివాళ్లలో జబ్బు లోతుగా అణగడం బాగా తగ్గిపోయింది. నెలకు లెక్కేస్తే 3 మాత్రలు తప్పితే 90కి వచ్చినట్టే. భరించలేకపోతే డాక్టరు మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు, ఆ దారి ఉంది.

ఏళ్ల తరబడి, రక్తంలో సీఎంఎల్ ఎంత మిగిలిందో కొలిచే బీసీఆర్-ఏబీఎల్ పరీక్షలో జబ్బు జాడ దాదాపు లేకుండా నిలిచిన కొందరికి ఇప్పుడు డాక్టర్లే మందు ఆపి చూస్తున్నారు. అలా ఆపిన కొన్ని వారాల్లో కొందరికి భుజాలు, తుంటి, కీళ్లు కొత్తగా నొప్పులు మొదలవుతాయి. స్వీడన్ డాక్టర్లు 2014లో దీని గురించి రాశారు. జబ్బు తిరగబెట్టిందని హడలిపోతారు గానీ, ఆ నొప్పులు నెలల మీద చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి, మరీ ఎక్కువైతే డాక్టరు మందిస్తారు. జబ్బు తిరిగి వచ్చిందీ లేనిదీ చెప్పేది బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష ఒక్కటే. మందు ఆపిన కొత్తలో దాన్ని నెలనెలా చేయించాలి. చెన్నై కానీ, వేలూరు కానీ, తిరుపతి కానీ, మీరు చూపించుకునే చోట అది క్రమం తప్పకుండా జరిగే ఏర్పాటు ఉందని తేల్చుకున్నాకే మందు ఆపే మాట ఎత్తండి.