ఉప్సాలా ఆర్చ్‌బిషప్ నివాసం, దాని ఇరుగుపొరుగు

[దృశ్యం: ఫ్యూరిస్ నది ఒడ్డు నుంచి కనిపించే కేథడ్రల్ జంట గోపురాలు]

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌కు ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉప్సాలా నగరంలో, మార్టిన్ లూథర్ బోధనలను అనుసరించే లూథరన్ సంఘమైన చర్చ్ ఆఫ్ స్వీడన్ ప్రధాన మతాధిపతి, అంటే ఆర్చ్‌బిషప్, అధికార నివాసం ఉంది. ఈ ఇంటిని విడిగా చూస్తే దాని చరిత్ర అర్థం కాదు. ఒకవైపు కేథడ్రల్, మరోవైపు విశ్వవిద్యాలయం, పైన గుట్ట మీద రాజు కట్టించిన కోట, అన్నీ కొద్ది నిమిషాల నడకలోనే ఉన్నాయి. మతం, విద్య, రాజ్యం శతాబ్దాల పాటు ఒకదాన్నొకటి గమనిస్తూ ఇరుగుపొరుగుగా బతికిన చోటు ఇది.

[దృశ్యం: కేథడ్రల్ లోపలి భాగం]

ఆర్చ్‌బిషప్ పీఠం 1164లో ఇక్కడికి కొంచెం ఉత్తరాన ఉన్న పాత ఉప్సాలాలో ఏర్పడి, 13వ శతాబ్దంలో ఈ ఊరికి తరలివచ్చింది. రాయి కన్నా ఎక్కువగా ఇటుకతో లేచిన ఈ కేథడ్రల్ నిర్మాణం ఒక శతాబ్దానికి పైగా సాగగా, 1435లో దాని ప్రతిష్ఠ జరిగింది. దీని ఎత్తు 118.7 మీటర్లు; ఉత్తర ఐరోపా నార్డిక్ దేశాల్లో ఇంతకన్నా ఎత్తయిన చర్చి లేదు. జీవులకు రెండు పదాల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ సమాధి ఇక్కడే ఉంది. స్వీడన్‌ను రోమ్‌లోని పోప్ అధికారం నుంచి తప్పించిన రాజు గుస్తావ్ వాసా కూడా ఇక్కడే విశ్రమిస్తున్నాడు.

ఆ రాజు చర్చి ఆస్తులను స్వాధీనం చేసుకున్న తర్వాత, 1531లో లారెన్షియస్ పెట్రి తొలి లూథరన్ ఆర్చ్‌బిషప్ అయ్యాడు. గుంటూరు, రాజమండ్రి లూథరన్లకు చిరపరిచితమైన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణాన్ని (లూథరన్ల మూల విశ్వాస ప్రకటనను) స్వీడన్ సంఘం 1593లో ఉప్సాలా సభలోనే అధికారికంగా స్వీకరించింది.

[దృశ్యం: గుస్తావియానుమ్ గుమ్మటం]

కేథడ్రల్‌కు ఎదురుగా ఉన్న గుస్తావియానుమ్ భవనం దగ్గర కాసేపు ఆగడం అవసరం. 1620లలో విశ్వవిద్యాలయం కోసం దీన్ని కట్టినప్పుడు, మధ్యయుగపు ఆర్చ్‌బిషప్ నివాసం ఉన్న చోటునే ఎంచుకున్నారు. 1477లో ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది కూడా యాకబ్ ఉల్ఫ్‌సన్ అనే ఆర్చ్‌బిషపే. తాను నాటిన విద్యాసంస్థకే చివరకు ఆ పీఠం తన పాత ఇంటి స్థలాన్ని ఇచ్చినట్లయింది. గుమ్మటం కింద ఈ విశ్వవిద్యాలయ వైద్యశాస్త్ర ఆచార్యుడు ఓలోఫ్ రుడ్బెక్ 1660లలో కట్టించిన శరీర నిర్మాణ శాస్త్ర ప్రదర్శనశాలలో, చుట్టూ మెట్ల వరుసల మీద నిలబడి జనం మానవ శరీర నిర్మాణాన్ని చూసేవారు.

[దృశ్యం: ఆర్చ్‌బిషప్ నివాసం]

ఆర్చ్‌బిషప్ నివాసానికి ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చినవారు 1914 నుంచి 1931 వరకు ఆ పదవిలో ఉన్న నాథన్ సోడర్‌బ్లోమ్. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువులుగా మారిన దేశాల చర్చిలను 1925లో స్టాక్‌హోమ్‌లో ఒకే వేదిక మీదికి తెచ్చిన ఆయనకు 1930లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. మతాల తులనాత్మక అధ్యయనంలో ఆయన పండితుడు. భారతీయ మతాలపై ఆసక్తి గలవారు. 1922లో స్వీడన్ వచ్చిన భారతీయ క్రైస్తవ బోధకుడు సాధు సుందర్ సింగ్‌ను ఆయన ఆదరంగా స్వాగతించారు. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో తరతరాలుగా వినిపించే పేరు గనుక, ఈ సంగతి మన ప్రేక్షకులకు చెప్పకుండా ఉండలేను.

అదే కాలంలో గుట్ట మీది కోటలో, గవర్నర్ కుమారుడిగా డాగ్ హామర్‌షోల్డ్ పెరుగుతున్నాడు. సోడర్‌బ్లోమ్ కుటుంబంతో అతనికి దగ్గరి స్నేహం. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేస్తూ 1961లో విమాన ప్రమాదంలో మరణించిన ఆయనకూ, మరణానంతరం, శాంతి బహుమతి వచ్చింది. ఇరుగుపొరుగు ఇళ్లలో ఇద్దరు శాంతి బహుమతి గ్రహీతలు ఉండటం ఎంత అరుదో ఆలోచించండి. ఆ స్నేహంలో సాగిన సంభాషణలు యువకుడైన హామర్‌షోల్డ్‌పై గాఢమైన ముద్ర వేసి ఉంటాయని నా నమ్మకం.

[దృశ్యం: కోట బురుజు, సాయంకాలం]

2000వ సంవత్సరంలో చర్చికీ రాజ్యానికీ ఉన్న అధికారిక బంధం విడిపోయింది. 2014లో అంట్యే యాకెలేన్ తొలి మహిళా ఆర్చ్‌బిషప్ అయ్యారు. గుస్తావ్ వాసా 1549లో మొదలుపెట్టిన కోటలో స్టీర్‌బిస్కోప్ అనే బురుజు ఉంది. బిషప్పును అదుపులో ఉంచేది అని ఆ పేరుకు అర్థం. అక్కడి ఫిరంగులు ఆర్చ్‌బిషప్ వైపే గురిపెట్టి ఉండేవని ఊరివారు చెప్పుకుంటారు. రాణి గునిల్లా పేరు మీద ఉన్న కోట గంట ఉదయం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి మోగుతుంది. ఆ శబ్దం కింద ఉన్న ఆర్చ్‌బిషప్ ఇంటి వరకు వినిపిస్తుంది.