వాసన రాదు, టెస్టుల దొరకదు: పోరగాళ్ల లెక్క

నమస్తే అండి. హన్మకొండల చానేండ్లు డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినోణ్ణి కాబట్టి ల్యాబుల రసాయనాలతోని చేసే ఈ కొత్త రకం మత్తుమందుల గురించి మాట్లాడుమన్నరు. డ్రగ్స్ వద్దని చెప్పేటందుకైతే నేను రాలే, ఆ ముచ్చట కాలేజీ గోడ మీద పోస్టర్ రోజూ చెప్తనే ఉంటది, పోరగాళ్లు దాని కిందనే బైకులు పార్క్ చేస్కుంటరు. నాకు సమజైందేందంటే, చానమంది దొరకమని లెక్కేస్కొనే వీటి దిక్కు పోతున్నరు.

హాస్టల్ రూంల గాంజా తాగితే కారిడార్ అంతా వాసనొస్తది, వార్డెన్ వస్తడు, ఇంటికి ఫోన్ పోతది. బిళ్లకో, నాలుక కింద పెట్టుకునే చిన్న కాగితం ముక్కకో వాసనేముంటది? "అది యూరిన్ టెస్టుల గూడ రాదంట సార్" అని ఓ పిల్లగాడు నాకే క్లాస్ చెప్పినట్టు చెప్పిండు. కొంతవరకు నిజమే, మామూలు కిట్ గాంజాల మత్తెక్కించే రసాయనం టీహెచ్‌సీ ఆనవాళ్లనే పట్టుకుంటది, ల్యాబుల తయారైన నకిలీ గాంజాను పట్టది. పెద్ద ల్యాబుకు పంపితే దొరుకుతది, అది వేరే సంగతి.

ఈ నకిలీ గాంజా కథ మా సబ్జెక్టుదే కాబట్టి జర ఆగి చెప్త. అమెరికాల జాన్ హఫ్‌మన్ అని క్లెమ్సన్ యూనివర్సిటీ ప్రొఫెసర్, మెదడు మీద రీసెర్చ్ కోసం చేసిన రసాయనాలల ఒకటి జేడబ్ల్యూహెచ్-018. అదే 2008ల జర్మనీల 'స్పైస్' అని అమ్మే ప్యాకెట్లల బయటపడ్డది. మెదడుల గాంజా మత్తు పోయి అతుక్కునే చోటును రిసెప్టర్ అంటరు, టీహెచ్‌సీ దాన్ని సగం మటుకే లేపుతది, ఇది పూర్తిగ లేపుతది, అందుకే గుండె దడ, ఫిట్స్, లేనివి కనపడుడు. పైగా పొడిని కరిగించి ఎండాకు మీద చల్లుతరు గదా, అది అంతటా సమానంగ పడదు, ఒకే ప్యాకెట్ల ఓ చిటికెడు ఏం చెయ్యదు, పక్క చిటికెడు మనిషిని పడగొడ్తది. నిన్న ఏం కాలే కాబట్టి ఇయ్యాల గూడ కాదనే లెక్క ఇక్కడనే తప్పుతది.

మెఫెడ్రోన్ అనే ఉత్తేజమిచ్చే మత్తుమందు గూడ అంతే. 1929లనే తయారైంది, ఎవరూ పట్టించుకోలే, మళ్ల ఈ శతాబ్దంల మొక్కల ఎరువు అని ప్యాకెట్ మీద రాసి అమ్మిండ్రు. బ్రిటన్ల 2010ల బ్యాన్ చేసిండ్రు, మన దగ్గర 2015ల ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందికొచ్చింది. ఒకటి బ్యాన్ కాంగనే అణువుల ఓ ముక్క మార్చి ఇంకోటి దింపుతరు, ఇప్పటికి ప్రపంచంల ఇసొంటియి వెయ్యి దాటినయి. పేరు పాతదే ఉంటది, లోపల సరుకు మారుతది, కొనేటోనికే కాదు అమ్మేటోనికి గూడ తెల్వదు.

ఇంక అమ్మేటోడు సినిమాల విలన్ లెక్క ఉంటడనుకునేరు, చానసార్లు రూమ్మేటే, మొదటిది పైసల్లేకుండనే ఇస్తడు. ఊరొదిలొచ్చి, బ్యాక్‌లాగులు పడి, ఇంట్ల చెప్పలేక రాత్రంతా మేల్కొనే పిల్లగానికి అది సాయం లెక్కనే కనపడ్తది. ఇది పట్నం పిల్లల రోగమని మన పెద్దోళ్లంటే నాకు నవ్వొస్తది, కల్లుల ఆల్ప్రజోలం అనే నిద్రమత్తు మందు కలిపింది ఏ పట్నం పిల్లలు? అది గూడ ఫ్యాక్టరీ మందే, ఒక్కసారిగ బందైతే ఫిట్సొస్తయి.

దోస్తు పడిపోతే పోలీస్ కేసైతదని భయపడి పండబెట్టి తలుపేస్తరు, అది మాత్రం చెయ్యకుండ్రి. ఓ పక్కకు తిప్పి పండబెట్టుండ్రి, పక్కనే ఉండి 108కి ఫోన్ చెయ్యుండ్రి, ఏం తీస్కున్నడో డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పుండ్రి, ప్యాకెట్ మిగిలితే చూపెట్టుండ్రి. అలవాటైనోళ్లకు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 ఉంది, ఫోన్ ఫ్రీ. తనంతట తాను ట్రీట్‌మెంటుకొచ్చి పూర్తి చేసేటోనికి, వాడకం కేసుల నుంచి ఎన్‌డీపీఎస్ 64ఏ సెక్షన్ల రక్షణ గూడ ఉంది.