ఎయిర్ ఫైబరా, తీగ ఫైబరా, డిష్షా? కొబ్బరి తోటల్లో వాడి చూసిన రివ్యూ

నమస్కారమండీ. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ ఎయిర్ ఫైబర్, అంటే తీగ లేకుండా టవర్ నుంచి ఇంటికొచ్చే నెట్, నేను కొన్నది కాదు. అమలాపురంలో ఒక డీలర్ గారు, "మీ ఛానల్లో ఒక వీడియో చెయ్యండి, బిగింపు ఖర్చూ మొదటి బిల్లులూ మేం చూసుకుంటాం" అని మనుషుల్ని పంపి పెట్టించారు. పైన డబ్బులేమీ ఇవ్వలేదు, బాగుందని చెప్పమనీ అడగలేదు. కంపెనీ పేరు మాత్రం చెప్పను. ఎందుకంటే ఇవాళ నా పేచీ కంపెనీతో కాదండి, గాలిలో వచ్చే నెట్‌తో.

స్పీడులు, ప్లాన్లు, ఏ ఓటీటీ ఫ్రీ అనేవన్నీ మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసేసి ఉంటారు. అవి మళ్ళీ చదవను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పోస్టర్ మీద 599 అని ఉంటే, 18 శాతం జీఎస్టీ కలిపి మన జేబులోంచి పోయేది దాదాపు 707. మా నాన్నగారు బిల్లు చూసి "ఆ 108 ఎవరిదిరా?" అని అడిగారు. సరే, అది పక్కన పెడదాం.

డాబా మీద ఒక తెల్ల డబ్బా బిగిస్తారు. అది 5జీ టవర్ నుంచి సిగ్నల్ పట్టుకుని, వైరు మీదుగా కిందున్న రౌటర్‌కి ఇస్తుంది. ఇంతే కథ. హైదరాబాద్ రివ్యూల్లో అపార్ట్‌మెంట్ పైన పెట్టి, ఎదురుగా టవర్, ఫోన్లో మీటరు ముల్లు గిర్రున తిరగడం చూపిస్తారు కదా. ఇప్పుడు కెమెరా మా డాబా మీదకి తెస్తున్నాను, మీరే చూడండి. తూర్పున కొబ్బరి తలలు. పడమట కొబ్బరి తలలు. అంబాజీపేట వైపు టవర్ ఉందని తెలుసు గానీ, కంటికి కనబడదు.

5జీ ఎక్కువగా 3,300 మెగాహెర్ట్జ్, ఆపైన ఉండే తరంగాల మీద నడుస్తుంది. వాటికి ఆకులంటే పడదు. తడిసిన ఆకులంటే అసలు పడదు, నీళ్ళు సిగ్నల్‌ని మింగేస్తాయి. అందుకే మా ఇంట్లో ఎండ కాసిన మధ్యాహ్నం ప్లాన్‌లో చెప్పిన స్పీడు నిండుగా వచ్చేది. వాన పడి వెలిశాక, ఆకాశం శుభ్రంగా ఉన్నా సరే, సగం కూడా వచ్చేది కాదు. గాలికి మట్టలు ఊగితే వీడియో కాల్లో మా అక్క ముఖం గళ్ళు గళ్ళుగా కనబడేది. డబ్బాని ముందు ఉత్తరం మూల పెట్టారు, తర్వాత వాటర్ ట్యాంకు మీద పెట్టారు, ఆఖరికి ఇనప పైపు నిలబెట్టి దాని చివర పెట్టారు. పైపు ఖర్చు మాదేనండోయ్. బిగించడానికి వచ్చిన కుర్రాడు మంచివాడే. చుట్టూ చూసి, "అన్నయ్యగారూ, ఆ మూడు చెట్లు కొట్టించేస్తే సిగ్నల్ ఫుల్లండి" అన్నాడు. కాపు మీదున్న చెట్లండి అవి! మా అమ్మ వంటింట్లో ఉండి వినలేదు కాబట్టి బతికిపోయాడు. లేకపోతే డబ్బాతో సహా మెట్లు దిగేవాడు.

ఇంకోటి, కొబ్బరి ఊరికే ఉండదు, పెరుగుతుంది. ఇవాళ మీ డాబా మీంచి టవర్ కనబడుతోందని మురిసిపోకండి, పక్కింటివాళ్ళు కిందటేడు నాటిన మొక్కలెక్కడున్నాయో కూడా చూసుకోండి.

అలాగని ఎయిర్ ఫైబర్ పనికిరాదని అనను. భీమవరం అవతల మా బావగారికి చేపల చెరువులున్నాయి. అక్కడ చెట్టు లేదు, చేమ లేదు. గట్టు మీద మకాం నుంచి చూస్తే టవర్ కాలూ తలా అన్నీ కనబడతాయి. ఆయనకి సీసీ కెమెరాలు, టీవీ, పిల్లల ఆటలు అన్నీ దాని మీదే, ఎక్కడా ఆగదు. ఒక్క మకాం కోసం అంత దూరం స్తంభాలేసి తీగ లాగడానికి ఏ కేబుల్ ఆయనా రాడు కూడా. అలాంటి చోట ఇది దేవుడిచ్చిన వస్తువే. ఒకే డెల్టా అండి, కానీ చెరువుల నేలకి ఒకటి, తోటల నేలకి ఒకటి.

మరి తీగ సంగతి? మా ఇంటికి ముందునుంచీ లోకల్ ఆపరేటర్ ఫైబర్ ఉంది. దానికి ఆకులతో గొడవ లేదు, మట్టలతో ఉంది. కరెంటు స్తంభాల మీదుగా, తోటల్లోంచి వస్తుంది కదా, పండు మట్ట రాలినా, దింపు (చెట్టెక్కి కాయలు దించడం) తీసేటప్పుడు గెల జారినా తీగ తెగుతుంది. అప్పుడు గోడ మీది పెట్టెలో ఎల్ఓఎస్ (అంటే సిగ్నల్ అందట్లేదని) అనే ఎర్ర లైటు మిణుకుమంటుంది. దింపు రోజున మా వీధిలో సగం ఇళ్ళు ఆ లైటు వైపే చూస్తుంటాయి.

నాకు అసలు నచ్చిందేంటంటే, ఆ లైటు వెలిగాక ఎవరికి ఫోన్ చెయ్యాలో నాకు తెలుసు. కస్టమర్ కేర్ కాదు, యాప్‌లో చాటింగ్ చేసే మర మనిషి కాదు. మా లైన్‌మన్. "తమ్ముడూ, ఎర్ర లైటు" అంటే చాలు, ఏ తోట దగ్గర తెగిందో సగం వాడికే తెలుసు. నిచ్చెన, తెగిన పోగులు అతికే స్ప్లైసింగ్ మిషన్ బండి మీద వేసుకుని వచ్చేస్తాడు. అదే ఎయిర్ ఫైబర్‌కి నెట్ ఆగితే "మీ ఫిర్యాదు నమోదైంది" అని మెసేజ్ వస్తుంది. తర్వాత "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. మధ్యలో మనిషి రాడు! ఇది తల్చుకుంటేనే నాకు బీపీ పెరుగుతుంది.

తీగ పెట్టించుకునే వాళ్ళు బిగించిన రోజే, తీగలో కాంతి ఎంత బలంగా వస్తోందో చెప్పే పవర్ మీటరు చూపించమనండి. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయి. కాంతి తగ్గి మైనస్ 27 దాకా పోయిందంటే ఎక్కడో అతుకు సరిగా లేదని అర్థం, అప్పుడే సరిచేయించుకోండి. ఆపరేటర్ ఆఫీసు నుంచి వచ్చే ఒక్క పోగుని దారిలో స్ప్లిటర్లు పెట్టి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. ఆ స్ప్లిటర్లకి కరెంటు అక్కర్లేదు. అంటే ఊరంతా చీకటైనా, అక్కడ ఆఫీసు పెట్టెకీ ఇక్కడ మీ పెట్టెకీ బ్యాటరీ ఉంటే నెట్ నడుస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దిగువన తీరం దాటినప్పుడు మన జిల్లాల్లో చెట్లు పడి, కరెంటు పోయి ఎంత ఇబ్బందైందో మీకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు టవర్ బ్యాటరీ అయిపోతే ఎయిర్ ఫైబర్ కూడా దాంతోనే పోతుంది.

తీగ ఫైబర్ అంటే గుర్తొచ్చింది, రాష్ట్ర ప్రభుత్వ ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి కోవింద్ గారు ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి ఫోను, టీవీ, నెట్ మూడూ అన్న రోజులవి. నేను మాత్రం అప్పటికి ఇంకా డేటా కార్డుని పొడుగు వైరుతో కిటికీకి వేలాడదీసి సినిమా డౌన్‌లోడ్ పెట్టుకుని పడుకునే బాపతు. తెల్లారి లేచేసరికి 98 శాతం దగ్గర ఆగి ఉండేది. ఆ బాధ పడ్డవాళ్ళు కామెంట్లో చెయ్యెత్తండి.

టీవీకి వద్దాం. డిష్ పెట్టుకున్నవాళ్ళకి ముసురు పట్టగానే బొమ్మ పోతుంది. ఇళ్ళ మీది చిన్న గొడుగులు కేయూ బ్యాండ్ అనే తరంగాల్ని, 12 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో పట్టుకుంటాయి, పెద్ద చినుకులు ఆ తరంగాల్ని ఆపేస్తాయి. కేబుల్ ఆఫీసు మీద ఉండే పెద్ద గొడుగు సీ బ్యాండ్, 4 గిగాహెర్ట్జ్ దగ్గర, దానికి వాన పెద్ద లెక్క కాదు. అందుకే జోరు వానలో డిష్ వాళ్ళు కేబుల్ వాళ్ళింటికి సీరియల్ చూడ్డానికి వెళ్తారు. నెల బిల్లే వద్దనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది, కానీ మన అమ్మలు చూసే ఛానళ్ళన్నీ అందులో ఉండవు, వానకి అదీ ఆగుతుంది.

ఎయిర్ ఫైబర్‌తో ఇచ్చిన టీవీ బాక్స్ మా అమ్మకి పడలేదు. ఆవిడకి నంబరు నొక్కితే ఛానల్ రావాలి. ఇందులో ముందు సినిమాల బొమ్మలు, తర్వాత ఏదో యాప్, దానిలోపల లైవ్ టీవీ. రిమోట్‌లో మైకు నొక్కి చెప్పమన్నాను. "టీవీతో నేను మాట్లాడ్డమేంట్రా" అని రిమోట్ నా చేతిలో పెట్టేసింది. క్రికెట్ కూడా నెట్ మీద కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. పక్కింట్లో కేకలు వినపడ్డాక మనం సిక్సర్ చూడాలి.

నా తీర్పు ఇదండి. కోనసీమ తోటల్లో ఉన్నవాళ్ళు తీగ ఫైబర్, కేబుల్ టీవీ ఉంచుకోండి. కరెంటు పోయినా నెట్ పెట్టెని నడిపే చిన్న బ్యాటరీ, దానికో మినీ యూపీఎస్ తగిలించుకోండి, 12 వోల్టులదా కాదా అని మీ అడాప్టర్ మీద చదువుకుని కొనండి. చెరువుల వైపు, విడిగా మకాం ఉన్నవాళ్ళు ఎయిర్ ఫైబర్ ధైర్యంగా తీసుకోండి, కాకపోతే వానాకాలంలో ఓ వారం వాడి చూశాకే ఆరు నెలల ప్లాన్ కట్టండి. కేబుల్ ఆయన ఫోన్ ఎత్తని ఊళ్ళో ఉన్నవాళ్ళు మాత్రం నా మాట వినకండి, మీకు ఏది దొరికితే అదే. వచ్చే వీడియోలో మినీ యూపీఎస్‌లు మూడు తెచ్చి రాత్రంతా నడిపి చూపిస్తాను. మీ ఊరి పేరు, మీ ఇంట్లో పవర్ మైనస్ ఎంత వస్తోందో కింద రాయండి.