మెడలో స్కార్ఫ్

శ్రోతలకు నమస్కారం.

గైడ్ల, అంటే బాలికల స్కౌట్ల, యూనిఫాంలో ఉన్న అమ్మాయిని మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మెడ చుట్టూ ఒక స్కార్ఫ్ ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. విప్పి పరిస్తే అది మూడు మూలల గుడ్డ. దెబ్బ తగిలిన చేతిని మెడకు వేలాడదీసి కట్టడానికి ప్రథమ చికిత్సలో వాడే గుడ్డదీ అదే ఆకారం. అంటే ఈ పిల్ల ఎక్కడికి వెళ్లినా కట్టు గుడ్డను మెడలోనే వేసుకుని వెళ్తుందన్నమాట. బాలికల స్కౌటింగ్ గురించి నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ గుడ్డలోనే ఉంది. ఎదుటివాళ్లకు సాయం చేయాలన్న మనసు చాలామందికి ఉంటుంది. అవసరం వచ్చిన క్షణాన ఆ సాయం చేయడం చేతనవ్వాలి. అందుకు చేయి తిరగాలి. గైడింగ్ నేర్పేది అదే.

ఈ ఉద్యమం ఎలా పుట్టిందో వింటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. 1909 సెప్టెంబరులో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర బాల స్కౌట్ల ర్యాలీ జరిగింది. వేల మంది అబ్బాయిలు వచ్చారు. వాళ్ల మధ్య కొందరు అమ్మాయిలు కూడా కనిపించారు. వాళ్లను ఎవరూ పిలవలేదు. స్కౌట్ల దుస్తుల్లాంటివి తామే సమకూర్చుకుని వచ్చేశారు. ఉద్యమ స్థాపకుడు బేడెన్ పోవెల్ మీరెవరని అడిగితే, మేమూ స్కౌట్లమే అన్నారు. ఆడపిల్లలకు ఇలాంటివి తగవని గట్టిగా నమ్మే కాలం అది. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. మరుసటి ఏడాది, 1910లో, వాళ్ల కోసం గర్ల్ గైడ్స్ మొదలైంది. బేడెన్ పోవెల్ చెల్లెలు ఆగ్నెస్ దాని బాధ్యత తీసుకున్నారు. 1911 నాటికే మన దేశంలో, జబల్‌పూర్‌లో ఒక గైడ్ కంపెనీ, అంటే గైడ్ల దళం, ఏర్పడింది. ఎవరో దయతలచి ఇస్తే వచ్చింది కాదిది, పిల్లలు అడిగి తెచ్చుకున్నది. కొత్తగా చేరే ప్రతి అమ్మాయికీ నేను ముందు ఈ కథే చెబుతాను.

అమెరికాలో ఈ పని మొదలుపెట్టిన జూలియెట్ గోర్డన్ లో గురించి కూడా చెప్పాలి. ఆమెకు వినికిడి చాలావరకు పోయింది. పెళ్లి రోజున నూతన దంపతుల మీద చల్లిన బియ్యపు గింజ ఒకటి చెవిలోకి వెళ్లి, ఆ చెవి దెబ్బతింది. రెండో చెవి అంతకుముందే పాడైంది. యాభై ఒక్కేళ్ల వయసులో, 1912 మార్చి 12న, సవానా నగరంలో 18 మంది బాలికలతో తొలి సమావేశం పెట్టారు. డబ్బు చాలకపోతే తన ముత్యాల హారం అమ్మేశారు. ఆమె 1927లో కన్నుమూసే నాటికి అక్కడ సభ్యులు లక్షన్నర దాటారు.

ఇంతకీ ఈ అమ్మాయిలు వారం వారం కలిసి ఏం చేస్తారు? తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఆరుగురు, ఏడుగురు, ఎనిమిది మంది కలిస్తే ఒక ప్యాట్రోల్. అందులో ఒకరు లీడర్. గుడారం ఎక్కడ వేయాలి, వంట ఎవరు చూడాలి, పొయ్యి ఎవరు ఆర్పాలి, అన్నీ వాళ్లే మాట్లాడుకుని తేల్చుకుంటారు. పెద్దపిల్ల చిన్నపిల్లకు ముడులు వేయడం నేర్పుతుంది. నేర్పేటప్పుడు తనకు ఎక్కడ సరిగా రాదో తనకే తెలిసిపోతుంది. నాలాంటి కెప్టెన్లకు, అంటే ఈ పిల్లల దళాన్ని చూసుకునే పెద్దవాళ్లకు, అన్నిటికన్నా కష్టమైన పని పక్కన నిలబడి ఊరుకోవడం. గుడారం వంకరగా లేస్తున్నా వెళ్లి సరిచేయకూడదు. రాత్రి గాలికి అది కూలితే, రేపు వాళ్లే దాన్ని గట్టిగా కడతారు.

ముడులంటే రీఫ్ నాట్ గురించి ఒక మాట. తాడు రెండు కొసలూ పట్టుకుని ముందు కుడిది ఎడమ మీదుగా, తర్వాత ఎడమది కుడి మీదుగా తిప్పాలి. అప్పుడు ముడి పలచగా, చదునుగా కూర్చుంటుంది. గాయం దగ్గర ఒత్తదు. విప్పాలంటే తేలిగ్గా వస్తుంది. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది కానీ, బరువు పడగానే జారిపోతుంది. కట్టు కట్టేటప్పుడు ఆ చిన్న తేడానే ముఖ్యం.

క్యాంప్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. హైక్ నుంచి తిరిగి వస్తున్నాం. ఒక చిన్నపిల్ల రాళ్ల మీద కాలు జారి పడింది, చేతికి దెబ్బ తగిలింది. నేను వరుస చివర ఉన్నాను. పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి వాళ్ల ప్యాట్రోల్ లీడర్ అప్పటికే తన స్కార్ఫ్ విప్పేసింది. బాగా టెన్షన్ పడుతోంది, వేళ్లు వణుకుతున్నాయి. కానీ పెదాలు కదులుతున్నాయి. కుడిది ఎడమ మీద, ఎడమది కుడి మీద. ముడి మెడ వెనక ఎముక మీద పడకుండా పక్కకు జరిపింది. వాచిన చేతి వేళ్ల కొసలు బయటికి కనిపించేలా ఉంచింది. రక్తం సరిగా ఆడకపోతే వేళ్ల రంగు మారుతుంది, అది చూస్తూ ఉండాలి కదా. నన్ను చూసి, "మేడమ్, వేళ్లు తిమ్మిరెక్కితే చెప్పమన్నాను. ఇంకా ఏమీ లేదంటోంది" అంది. పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లే ఏర్పాటు తప్ప నేను చేయాల్సిందేమీ మిగలలేదు.

అంతకు కొన్ని వారాల ముందు అదే అమ్మాయి సరిగ్గా ఆ కట్టు దగ్గరే బ్యాడ్జ్ పరీక్ష తప్పింది. ఫెయిల్ చేసింది నేనే. ఆ రోజు ఏడ్చింది. వాళ్లమ్మ కూడా ఫోన్ చేసి, "చిన్నపిల్ల కదండీ, ఇచ్చేయొచ్చు కదా" అన్నారు. నాకూ బాధగానే ఉండింది. అయినా ఇవ్వలేదు. బ్యాడ్జ్ చూసి రేపు ఎవరో ఈ పిల్లను నమ్ముతారు. చేతకాని పనికి జాలిపడి బ్యాడ్జ్ ఇస్తే, ఆ నమ్మినవాళ్లకు మనం అన్యాయం చేసినట్టే.

అలా నమ్మి పని అప్పగించిన సందర్భాలు చరిత్రలో చాలా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ గూఢచార సంస్థ ఎం.ఐ.5 తన కార్యాలయంలో సందేశాలు చేరవేయడానికి మొదట బాల స్కౌట్లను పెట్టుకుంది. తర్వాత వాళ్లను మాన్పించి గైడ్లను తీసుకుంది. రెండో యుద్ధం ముగిసే వేళ గైడ్ ఇంటర్నేషనల్ సర్వీస్ పేరుతో పెద్ద వయసు గైడ్ల బృందాలు యూరప్ వెళ్లాయి. 1945లో విముక్తి పొందిన బెర్గెన్ బెల్సెన్ నాజీ నిర్బంధ శిబిరంలో, ఆకలితోనూ జ్వరాలతోనూ కొన ఊపిరితో ఉన్నవాళ్ల మధ్య పనిచేశాయి. అలాంటి చోట గుండె ధైర్యంతో పాటు ఆరుబయట వంట చేయడం, నీళ్లు శుభ్రం చేయడం, దొరికినదానితో సర్దుకోవడం కావాలి. అవన్నీ వాళ్లు క్యాంపుల్లో ఏళ్ల తరబడి చేసినవే.

ఈ కాలపు అవసరాలు వేరు. 1928లో ఏర్పడిన ప్రపంచ గైడ్ల సంఘంలో ఇప్పుడు 150కి పైగా దేశాల సంఘాలున్నాయి. ఆడపిల్లల మీద హింసను గుర్తించడం, దాని గురించి నోరు విప్పి మాట్లాడటం నేర్పే పాఠ్యక్రమాన్ని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగంతో కలిసి ఆ సంఘం తయారుచేసింది. నా దృష్టిలో ఈ వందేళ్లలో వచ్చిన మార్పుల్లో ఇదే పెద్దది. కట్టు కట్టడం ఎంత అవసరమో, "ఇది తప్పు, నాకు ఇష్టం లేదు" అని చెప్పగలగడం ఒక అమ్మాయికి అంతే అవసరం. ప్లాస్టిక్ చెత్త మీద పని చేసేవాళ్లకు ఇచ్చే బ్యాడ్జ్ కూడా ఉంది.

సేవ పేరుతో జరిగేదంతా సేవ అవుతుందని నేను అనను. మొక్క నాటి ఫొటో దిగడం అరగంట పని. రెండు వేసవులు దానికి నీళ్లు పోయడం సేవ. అందుకే మా ప్యాట్రోళ్లకు ఒక షరతు పెట్టాను. ఎన్ని మొక్కలు నాటారని అడగను, నిరుడు నాటినవి ఎన్ని బతికాయో చెప్పమంటాను. మొదటి ఏడాది చెప్పడానికి వాళ్ల దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు సెలవుల్లో నీళ్లు ఎవరు పోయాలో ముందే వంతులు వేసుకుంటున్నారు.

అమెరికా నుంచి అంతరిక్షానికి వెళ్లిన మొదటి మహిళ శాలీ రైడ్ చిన్నప్పుడు గర్ల్ స్కౌటే. అక్కడ గైడ్లను అలా పిలుస్తారు. అలాంటి పేర్లు విన్నప్పుడు మా పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. వెలగాలి కూడా.

ఏటా ఫిబ్రవరి 22న గైడ్లందరూ ప్రపంచ చింతన దినం జరుపుకుంటారు. ఆ తేదీని 1926లో ఎంచుకున్నారు. అది బేడెన్ పోవెల్ పుట్టినరోజు, ఆయన భార్య ఒలేవ్ పుట్టినరోజు కూడా. పుట్టినరోజుకు కానుక ఇవ్వాలి కదా అన్న మాట 1932లో జరిగిన ప్రపంచ గైడ్ల సమావేశంలో వచ్చింది. ఒక్కొక్కరు ఒక్క పెన్నీ చొప్పున ఇవ్వమని ఒలేవ్ ఉత్తరం రాశారు. ఆనాటి నుంచి ఆ రోజు పోగైన చిన్న మొత్తాలు ఇతర దేశాల్లో గైడింగ్‌కు వెళ్తున్నాయి. ఎన్నడూ చూడని అమ్మాయి కోసం తన డబ్బాలోంచి ఒక నాణెం తీసి ఇవ్వడం ఏడేళ్ల పిల్లకు చిన్న విషయం కాదు.

చివరగా, అమ్మానాన్నలకు ఒక విన్నపం. మీ అమ్మాయి క్యాంప్‌కు వెళ్తానని అడిగితే పంపండి. మొదటి రాత్రి మీకు నిద్ర పట్టకపోవచ్చు, తనకూ పట్టకపోవచ్చు. తిరిగి వచ్చాక బ్యాడ్జ్ వచ్చిందా అని ముందే అడగకండి. మీ చెయ్యి చాపి, కట్టు కట్టి చూపించమనండి. కట్టాక ముడి ఒకసారి లాగి చూడండి.

నమస్కారం.