వేగం సరే, లెక్క కరెక్టేనా?

అందరికీ నమస్తే. మధ్యాన్నం అన్నం తిన్నాక మైకు పట్టుకునేటోడికి ఎట్లాంటి గతి పడుతుందో నాకు తెలుసు, అందుకే స్లైడ్లు ఏం తేలేదు, బోర్డు మీదే రాస్తా. వెనక బెంచీలో ఎవరన్నా కునుకు తీసినా నేనేం అనుకోను.

గిట్‌హబ్ అని కోడ్ పెట్టి అందరికీ చూపించే సైటు ఉంది, దాంట్లో పజిల్ కోడ్‌లు ఉంటాయి కదా, ప్రాజెక్ట్ ఆయిలర్, అడ్వెంట్ ఆఫ్ కోడ్ అనే పజిల్ సైట్ల సొల్యూషన్లు, అట్లాంటివి లెక్కలేనన్ని. ఇంకోపక్క స్పీడుగా లెక్క చేసేదానికే రాసిన లైబ్రరీలు, అంటే మన ప్రోగ్రాములో కలుపుకునే రెడీమేడ్ కోడ్‌లు, జీఎంపీ, ఫ్లింట్, ప్రైమ్‌సీవ్ లాంటివి. మన పిల్లోళ్ళు ఈ రెండింటినీ ఒకే తక్కెట్లో ఏసి తూస్తారు, దేంతో తూస్తారయ్యా అంటే స్టార్లతో, గిట్‌హబ్‌లో జనం నొక్కే లైకుల్లాంటివి.

మా పల్లెలో చెనిక్కాయలు విత్తనానికైతే ఇంట్లో కూర్చోని చేత్తో ఒలుస్తారు, పప్పు పగిలితే మొలక రాదని. నూనె మిల్లుకైతే మిషన్లో ఏస్తారు. చేత్తో ఒలిచే మా అవ్వ దగ్గరికి పోయి నీ స్పీడెంత అని అడిగితే చాట తీసుకొని కొడుతుంది. నేర్చుకునేదానికి రాసిన కోడ్ చేత్తో ఒలిచినట్లు, లైబ్రరీ మిషన్ మాదిరి. గిట్‌హబ్‌లో ఒక్కో ప్రాజెక్టు కోడ్ ఉండే చోటుని రిపోజిటరీ అంటారు, ది ఆల్గరిదమ్స్ అని పెద్దది ఉంది, అందరూ చూసుంటారు, దాని పైథాన్ రీడ్‌మీలో, అంటే పరిచయం ఫైల్లో, వాళ్ళే రాసుకున్నారు, ఇది నేర్చుకునేదానికి మాత్రమే, పైథాన్‌తో వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ కంటే స్లోగా ఉండొచ్చు అని. ఆ లైను చదవకుండా దాన్ని తెచ్చి ఫైనలియర్ ప్రాజెక్టులో పెట్టి, సార్ ఇది హ్యాంగ్ అవుతాంది అంటే తప్పు ఎవురిది?

సరే, నేను మునిగిన కథ చెప్తా. ప్రాజెక్ట్ ఆయిలర్ అనేది 2001లో కాలిన్ హ్యూస్ మొదలుపెట్టినాడు, అందులో పదో లెక్క, 20 లక్షల లోపల ఉండే ప్రైమ్ నంబర్లన్నీ, అంటే ఒకటితో, తమతో తప్ప దేంతోనూ భాగం పోనివన్నీ, కూడితే ఎంత. మొదటి వంద లెక్కలు నేర్పించేదానికి బయట మాట్లాడొచ్చని వాళ్ళే పర్మిషన్ ఇచ్చినారు కాబట్టి ఆన్సర్ చెప్తున్నా, 1,42,91,38,28,922. నాకు దొరికిన ఒక సీ ప్లస్ ప్లస్ కోడ్ దీన్ని కన్ను మూసి తెరిచే లోపల చేసేసింది, నేను ఆహా అనుకొని నా పైథాన్ కోడ్ పక్కన పడేసినా. అది ఇచ్చిన ఆన్సర్ ఎంతో తెలుసా, 1,17,99,08,154. మొత్తాన్ని ఇంట్ (int) అనే రకం డబ్బాలో దాచినారు, దాంట్లో 32 బిట్లే పడతాయి, 2,14,74,83,647 దాటితే అది పొంగిపోయి మళ్ళీ చుట్టు తిరిగి వస్తుంది. ఇక్కడ 33 సార్లు చుట్టు తిరిగింది. మైనస్ వచ్చుంటే అనుమానం వచ్చేదేమో, బుద్ధిమంతుడి మాదిరి ప్లస్‌లోనే వచ్చి కూర్చుంది, రెండు ఆన్సర్లూ కలవకపోతే నేను రెండు రోజులు నా కోడ్‌లోనే తప్పు వెతుక్కున్నా.

అప్పట్నుంచి నాకొక అలవాటు, ఏ రిపోజిటరీ తెరిచినా ముందు టెస్టుల ఫోల్డర్ ఉందా అని చూస్తా, స్టార్లు ఎన్ని అనేది ఆఖర్న. టెస్టులు ఉన్నా ఏం టెస్ట్ చేస్తున్నారో కూడా చూడాల, సున్నా ఇస్తే, ఒకటి ఇస్తే, బాగా పెద్దది ఇస్తే ఏమవుతుంది అని ఉంటే ఆ మనిషిని నమ్మొచ్చు.

ఇప్పుడు బోర్డు చూడండి. వంద కోట్ల లోపల ప్రైమ్‌లు ఎన్ని? మామూలుగా మనం రాసే జల్లెడ, అంటే ప్రైమ్ కానివి కొట్టేసుకుంటూ పోయే పద్ధతి, పైథాన్‌లో అయితే ట్రూ అని వంద కోట్ల సార్లు లిస్ట్ పెట్టడం, అక్కడే 8 జీబీ పాయె, ఎందుకంటే లిస్టులో ఒక్కో గదికి 8 బైట్లు. ఒక్కో గదికి ఒక్క బైటే పట్టే బైట్‌అరే పెడితే 1 జీబీ. సరిసంఖ్యలు తీసేసి ఒక్కో నంబరుకి ఒక్కో బిట్ పెడితే 62.5 ఎంబీకి దిగుతుంది. ఇప్పుడు కిమ్ వాలిష్ రాసిన ప్రైమ్‌సీవ్ లోపలికి పోదాం. 2, 3, 5 తో భాగం పోనివి వరసగా 30 నంబర్లలో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టండి: 1, 7, 11, 13, 17, 19, 23, 29. ఎనిమిది. బైటుకి ఎన్ని బిట్లు? ఎనిమిది. అంటే 30 నంబర్లు ఒక్క బైట్‌లో సర్దేసినాడు, వంద కోట్లకి 33 ఎంబీ చిల్లర. అదన్నా మొత్తం ఒకేసారి పరచడు, ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్క ప్రాసెసర్ పక్కనే ఉండే క్యాష్ అనే చిన్న మెమరీలో పట్టేటట్లు చేస్తాడు, ర్యామ్ దాకా పోయి రావడమే అసలు ఖర్చు కాబట్టి. నేను ఆ కోడ్ చదివిన రోజు టీ చల్లారిపోయింది, అంత బాగుంటుంది, కానీ మొదటిసారి జల్లెడ నేర్చుకునేవాడికి ఆ ఫైల్ చూపిస్తే పారిపోతాడు, వాడికి ఇందాక చెప్పిన చేత్తో ఒలిచిన కోడే ఇవ్వాల.

ఆయనదే ఇంకొకటి ప్రైమ్‌కౌంట్, అది ప్రైమ్‌లని ఒక్కొక్కటిగా వెతకనే వెతకదు, ఎన్ని ఉన్నాయో మాత్రం లెక్క కట్టేస్తుంది. ఈ పద్ధతి పాతదే. మైసెల్ అనే జర్మనీ ఆయన 1885లో చేత్తోనే వంద కోట్ల లోపల 5,08,47,478 ప్రైమ్‌లు అని తేల్చినాడు. అసలు లెక్క 5,08,47,534. 56 తగ్గినాయి. కంప్యూటర్ లేకుండా అంత దగ్గరికి వచ్చినాడంటే దండం పెట్టాల్సిందే. తర్వాత 1959లో లేమర్ అనే అమెరికా ఆయన ఐబీఎం 701 కంప్యూటర్ మీద దాన్ని సరిచేసినాడు, అంతటితో ఆగకుండా వెయ్యి కోట్లకి కూడా చేసినాడు, అక్కడ ఆయనకి ఒకటి ఎక్కువ వచ్చింది, 45,50,52,511 రావాల్సింది చివర 512 వచ్చింది. చూడండి, మిషన్ వచ్చినా తప్పు పోలా. ప్రైమ్‌కౌంట్‌లో లెజాండ్ర్, మైసెల్, లేమర్ ముగ్గురి పద్ధతులూ వేరువేరు ఆప్షన్లుగా పెట్టినారు, ఒకే ప్రశ్న మూడు దారుల్లో అడగొచ్చు, మూడూ ఒకే మాట చెప్తేనే నాకు నిమ్మళం.

ఇంక టైమింగులు. ఇది చెప్తే నవ్వుతారు. పోయిన మే నెలలో మా మిద్దె పైన రేకుల రూములో రెండు ప్రోగ్రాములు పోల్చినా, మొదట నడిపినదే గెలిచింది. ఎందుకో డౌటొచ్చి వరస తిప్పి నడిపినా, అప్పుడు కూడా మొదట నడిపినదే గెలిచింది. అనంతపురం ఎండకి ల్యాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటాంది, రెండోదానికి అన్యాయం జరుగుతాంది. అంతకుముందు రాసిపెట్టుకున్న నంబర్లన్నీ చించేసినా. పైథాన్ కోడ్‌ని నడిపేటప్పుడే మిషన్ భాషలోకి మార్చే (కంపైల్ చేసే) నంబా వాడితే మొదటి కాల్‌లో కంపైల్ టైము కూడా కలుస్తుంది, అది పక్కన పెట్టి రెండో కాల్ నుంచి కొలవాల. సీ ప్లస్ ప్లస్‌ని స్పీడు పెంచే ఆప్టిమైజేషన్ పెట్టకుండా కంపైల్ చేసి పైథాన్‌తో పోల్చి, ఏం పెద్ద తేడా లేదు సార్ అని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, పేర్లు వద్దులే.

లైసెన్స్ గురించి ఒక్క మాటే. లైసెన్స్ ఫైల్ లేని రిపోజిటరీ ఓపెన్ సోర్స్ కాదు, కళ్ళకి కనపడుతుంది గానీ వాడుకునే హక్కు మనకి ఉండదు. ప్రైమ్‌సీవ్‌ది బీఎస్‌డీ లైసెన్స్, పేరు తీసేయకుండా ఏమన్నా చేసుకోవచ్చు. జీఎంపీది ఎల్‌జీపీఎల్ లైసెన్స్, దానికి షరతులు ఉన్నాయి, చదువుకోండి. అడ్వెంట్ ఆఫ్ కోడ్ చేసేవాళ్ళు మీ సొల్యూషన్ పెట్టుకోండి గానీ మీకిచ్చిన ఇన్‌పుట్ ఫైల్ మాత్రం పబ్లిక్‌లో పెట్టొద్దు, దాన్ని తయారుచేసిన ఎరిక్ వాస్టల్ పెట్టొద్దని అడిగినాడు, ఆ మర్యాద ఇద్దాం.

ఇంక మాటలు చాలు, నడిపి చూద్దాం. బాబూ, ఆ ఫ్యాను కొంచెం ల్యాప్‌టాప్ వైపు తిప్పు. వంద కోట్లు తర్వాత, ముందు వెయ్యికి నడుపుదాం, ప్రైమ్‌లు 168 రావాల. రాకపోతే టైము చూసే పనే లేదు.