కలాసీకి ఏదైనా అయితే కట్టాల్సింది ఎవరు?

(విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో బోటు యజమానుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం)

పెద్దలకు, అన్నదమ్ములకు నమస్కారం. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. ఇంజిన్ విప్పి బిగించడం, పలకలు మార్చడం, రంగులు వేయడం, డీజిల్‌కి అప్పు వెతుక్కోవడం... మీ బుర్రలో ఇప్పుడివే తిరుగుతుంటాయి. నన్ను పిలిచిన అన్న ఫోన్లోనే చెప్పేశాడు: "లాయర్ గారూ, బోటులో పనిచేసే కలాసీల మీద బీమా పాలసీ తీసుకోవాలా, అక్కర్లేదా? అది తేల్చండి చాలు." తేల్చేస్తాను. తీసుకోవాలి. ఎందుకో చెప్పడానికే కాస్త టైం పడుతుంది.

2023 నవంబర్ 19 రాత్రి ఇక్కడే నలభైకి పైగా బోట్లు కాలిపోయాయి. బోటు విలువలో 80 శాతం ప్రభుత్వం ఇస్తామంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఎవరి నోట విన్నా బోటు బీమా మాటే. బోటులో పనిచేసే మనిషి సంగతి ఎవరూ ఎత్తలేదు. అదే మంట సముద్రం మీద, ఎనిమిది మంది నిద్రలో ఉండగా అంటుకుంటే?

చట్టం ఏమంటుందో చూద్దాం. పనిలో ప్రమాదం జరిగి పనివాడు చనిపోయినా, అవిటివాడైనా యజమాని పరిహారం కట్టాలి అన్నది 1923 నాటి చట్టం. అది ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. పేరు మారింది కానీ, లెక్కకట్టే పద్ధతి అదే. తప్పు యజమానిదా కాదా అని ఇక్కడ చూడరు. వైరు తెగి తగిలినా, వించ్‌లో చెయ్యి ఇరుక్కున్నా, అలకి జారి పడినా ఒకటే. "తాగి ఉన్నాడండీ" అంటారు కొందరు. గాయం వరకు ఆ మాట పనికొస్తుందేమో గానీ, మనిషి పోయాక పనికిరాదు.

ఎంత కట్టాలి? ముప్పై ఏళ్ల కలాసీ చనిపోయాడనుకోండి. నెల జీతం ఎంతున్నా 2020లో పెట్టిన పరిమితి ప్రకారం 15 వేల వరకే లెక్క. అందులో సగం 7,500. దాన్ని ఆ వయసుకి పట్టికలో ఉన్న 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. నెలలోగా కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. కారణం లేకుండా జాప్యం చేస్తే ఆపైన జరిమానా, అసలులో సగం వరకూ వేయొచ్చు. ఎనిమిది మందికి ఇదే లెక్క వేసి చూడండి. కోటి దాటుతుంది.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. "మావాళ్లు జీతగాళ్లు కాదు, వాటాదారులు. డీజిల్, ఐసు, బియ్యం ఖర్చులు పోను మిగిలింది పంచుకుంటాం. వాళ్లకి నేను యజమానిని ఎలా అవుతాను?" నిజంగా గట్టి ప్రశ్నే. బ్రిటన్‌లో వాటా మీద వేటకెళ్లేవాళ్లను సొంతంగా పనిచేసుకునేవాళ్లుగానే చూస్తారు. మరోవైపు, 2007 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం వాటా మీద పనిచేసేవాణ్ణి కూడా మత్స్యకారుడిగానే లెక్కేసి, అతనికి రక్షణ ఉండాలంది. మన దేశం దానిపై సంతకం పెట్టలేదు. ఇక్కడ పరిహారం కేసు విచారించే అధికారి అడిగేవి మామూలు ప్రశ్నలే. అడ్వాన్స్ ఎవరిచ్చారు? వద్దంటే దించేసేది ఎవరు? ఎటు వెళ్లాలో బోటు నడిపే సరంగుకి చెప్పేది ఎవరు? సరుకు ఎవరి పేరున అమ్ముతారు? వీటన్నిటికీ జవాబు మీరే అయినప్పుడు, వాటా అన్న ఒక్క మాట మిమ్మల్ని కాపాడుతుందని నేను పందెం కాయను. మీరూ కాయకండి.

ప్రభుత్వ ప్రమాద బీమా ఐదు లక్షలు ఉందిగా అంటారు. ఉంది, మంచిదే. అది కుటుంబానికి వచ్చే సాయం. దాంతో మీ బాధ్యత తీరిపోదు.

అన్నిటికంటే నాకు భయం వేసేది మన పంచాయితీలే. మనిషి పోయాక పెద్దమనుషులు కూర్చుని రెండు లక్షలకో మూడు లక్షలకో తేలుస్తారు. పోయినవాడి భార్య చేత వేలిముద్ర వేయిస్తారు. యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. కానీ చట్టం ప్రకారం మరణ పరిహారం అధికారి దగ్గర జమ చేయాల్సిందే, చేతికి ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల జీతం మేరకు అడ్వాన్స్ ఇస్తే ఒక్కటే అందులో మినహాయిస్తారు. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా చెల్లదు. రెండేళ్లలోపు ఆవిడ తమ్ముడెవరో చదువుకున్నవాడు కేసు వేస్తే, యజమాని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. అలా రెండుసార్లు కట్టిన ఒకాయన నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "నేను మోసం చేయలేదు బాబూ" అని ఏడ్చాడు. నిజమే, ఆయన మోసం చేయలేదు.

పాలసీ తీసుకునేటప్పుడు జాగ్రత్తలు. బోటు పాలసీలో మనుషులూ ఉన్నారని అనుకోకండి, అడిగి రాయించుకోండి. ప్రీమియం తగ్గుతుందని పదిమంది చోట ఆరుగుర్ని, 15 వేల చోట 8 వేలని రాస్తే రేపు గొడవంతా అక్కడే. కలాసీలు ట్రిప్పు ట్రిప్పుకీ మారతారు కాబట్టి పేర్లతో కాకుండా సంఖ్యతో ఇస్తారేమో కనుక్కోండి. వడ్డీ పాలసీలో కలుస్తుందో లేదో చూడండి, కొన్నిటిలో కలవదు. జరిమానా మాత్రం మీ జేబులోంచే. రిజిస్ట్రేషన్, లైసెన్స్ గడువు దాటితే కంపెనీకి సాకు దొరికినట్టే.

ఇంకొకటి. దీనికి ఖర్చేమీ లేదు. ఒక కేసులో కుర్రాడి వయసు తేల్చడానికే నాకు ఏడు నెలలు పట్టింది. ఆధార్ కార్డు సంచీలో పెట్టుకుని బోటెక్కాడు, సంచీ కూడా సముద్రంలో పోయింది. బడిలో పేరు వేరు, ఇంట్లో పేరు వేరు. ఇరవై అని వాళ్లమ్మ, ఇరవై నాలుగు అని యజమాని. అందుకే బోటు కదిలే ముందు, ఐసు లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీలో ఎవరెవరు ఎక్కారు, ఎవరి వయసెంత, ఇంట్లో ఫోన్ నంబర్ ఏమిటి రాసి, పుస్తకం ఒడ్డున ఉంచి వెళ్లండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.